చాచీ మేకను నడిపించిన చలికాలం

నా చిన్నప్పుడు మా కాలనీలో ప్రతి పెద్దమనిషికీ రెండు విషయాల్లో అపారమైన పాండిత్యం ఉండేది. ఒకటి బొగ్గు. రెండోది ఎదుటివాళ్ల ఒళ్లునొప్పులు. బొగ్గు గురించి వాళ్లు చెప్పేది నిజమే అయి ఉండాలి, ఎందుకంటే రోజూ భూమి లోపలికి దిగి మళ్లీ క్షేమంగా పైకి వచ్చేవాళ్లు. నొప్పుల సంగతి మాత్రం నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇలా కూర్చుని జ్ఞాపకాలు చెప్పుకునేంత వయసు నాకింకా రాలేదు. కానీ మొన్న పొద్దున గ్రౌండులో, పోలీసు ఉద్యోగం కోసం పరుగు సాధన చేస్తున్న ఒక అమ్మాయి నన్ను 'పెద్దమ్మా' అని పిలిచింది. తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేకుండానే పెద్దరికం వచ్చి మీద పడింది. వచ్చినదాన్ని వృథా చేయడం ఎందుకని ఇది రాస్తున్నాను.

మేముండేది నస్పూర్‌లో, గని కార్మికుల క్వార్టర్ల వరసలో. మా బాపు భూగర్భ గనిలో పనిచేసేవాడు. నేను పరిగెత్తేదాన్ని. ఎందుకు అని అడిగితే చెప్పలేను. దుకాణానికి పంపితే పరిగెత్తేదాన్ని, బడికి పరిగెత్తేదాన్ని, తిట్లు తినడానికి కూడా పరిగెత్తే వచ్చేదాన్ని. మా బడి డ్రిల్లు సారు అది చూసి, చలికాలం చివర్లో క్రీడా హాస్టల్‌కు ఎంపికలు జరుగుతాయని, అందులో నెగ్గితే చదువు, తిండి, బూట్లు, గ్రౌండు అన్నీ వాళ్లే ఇస్తారని ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. ఆ వయసు దాటితే మళ్లీ తీసుకోరు. ఆ ఒక్క చలికాలమే నాకున్నది. ఆ రాత్రి నుంచి నాకు కలలో కూడా నిద్రపట్టలేదు, అంతా పరుగే.

బాపు సంతోషం పట్టలేకపోయాడు. ఆయన ఆలోచించి ఆలోచించి ఒక సిద్ధాంతం కనిపెట్టాడు. బరువైన బూట్లతో సాధన చేస్తే, అసలు రోజున అవి తీసేయగానే కాళ్లు గాలిలో తేలిపోతాయి. ఇంట్లో బరువైన బూట్లకు కొదవ లేదు. ఆయన డ్యూటీ బూట్లు పాత జత ఒకటి ఉంది, బొటనవేలి దగ్గర లోపల ఇనుప రేకుతో. వాటిలో పాత బట్టలు కుక్కి, నా కాళ్లకు తొడిగి, లేసులు గట్టిగా బిగించి కట్టాడు. వరసలో ఉన్న పెద్దలంతా తలలూపారు. గనిలో బూట్లతో సగం జీవితం నడిచినవాళ్లు కాబట్టి ఆ సిద్ధాంతంలో లోపం ఎవరికీ కనిపించలేదు. నేను సిమెంటు రోడ్డు మీద టకటకమని పరిగెడుతుంటే, షిఫ్టు దిగి వచ్చేవాళ్లు సైకిళ్లు ఆపి, "అరె, బుల్డోజర్ వస్తుంది, పక్కకు జరుగున్రి!" అని అరిచేవాళ్లు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

నొప్పి చాలా మర్యాదగా వచ్చింది. మొదట్లో పరుగు మొదలుపెట్టగానే మోకాలి కింద, ముందు ఎముక పక్కన కాస్త పలకరించి వెళ్లిపోయేది. తర్వాత పరుగంతా వెంటే ఉండేది. ఇంకొన్నాళ్లకు నేను పడుకున్నాక కూడా వెళ్లేది కాదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పరుగు ఆపేయమంటారని భయం. కానీ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మా అవ్వ, అదే మా అమ్మ, కంటపడింది.

ఇక వైద్యం మొదలైంది. అవ్వ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టింది. నువ్వుల నూనె పోసి, ఎముక మీద బలంగా రాసింది. నా కేక విని వరసంతా బయటికి వచ్చింది. ఎదురింటి తాత, నల్లజీడి కాల్చి చుక్కలు పెడితే నొప్పి పారిపోతుందని, తన కాలి మీద పాత మచ్చలు చూపించాడు. "మరి మీ నొప్పి పోయిందా తాతా?" అని అడిగాను. "నొప్పి పోలే గని, నొప్పంటే భయం, బుగులు పోయింది బిడ్డా," అన్నాడు. బాపు ఇక ఆలస్యం చేయకుండా నన్ను సైకిల్ మీద ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ నా కాలి ఎముక వెంట బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుతూ వచ్చింది. "ఒక్కచోట పొడిచినట్టు నొప్పా, పొడుగునా నొప్పా?" అని అడిగింది. పొడుగునా అన్నాను. నయమే అంది. ఎముక మీది పొర, దాన్ని పట్టుకున్న కండరాలు అలసి వాచాయని, ఇంకా సాగదీస్తే ఒకచోట చీలిక వస్తుందని, అప్పుడు నెలలకొద్దీ మంచమేనని చెప్పింది. నొప్పి తగ్గేవరకు పరుగు వద్దు. మెత్తటి నేల మీద మెల్లగా నడక. చల్లటి నీళ్లు. మునివేళ్ల మీద లేచి మెల్లగా దిగే కసరత్తు. తర్వాత కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. చివర్లో, "ఏ బూట్లతో పరిగెడుతున్నావమ్మా?" అని అడిగింది. బాపు గోడ మీద అతికించిన, చిన్నపిల్లలకు టీకాలు వేయించమనే కాగితాన్ని చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

నాకు మాత్రం ఆ మాటల్లో 'పరుగు వద్దు' ఒక్కటే వినపడింది. ఇంటికొచ్చి కడుపారా ఏడ్చాను. మర్నాడు తెల్లవారుజామున, ఎవరూ లేవకముందే వట్టికాళ్లతో రోడ్డెక్కాను. బూట్లు వద్దన్నారు కదా, వదిలేశాను. సగం మాట విన్నట్టే లెక్క.

నన్ను చూసిన ఒకే ఒక మనిషి పక్క క్వార్టర్ చాచీ. ఆమె భర్త గనిలో ఫిట్టరు. పెరట్లో రేకుల కొట్టం వేసుకుని ఆమె మేకలు పెంచేది. పాలు పితుకుతూ దడి సందులోంచి చూసింది. "క్యా బేటీ, కుంటుకుంటనే ఉరుకుతున్నవ్?" అని మాత్రం అంది. నేను కుంటుకుంటూనే వేగం పెంచాను.

ఆ సాయంత్రం ఆమె తన మోకాళ్లు పట్టుకుని, పెద్దగా మూలుగుతూ మా ఇంటికి వచ్చింది. వెనక తాడుకు ఒక తెల్ల మేక. పొట్ట రెండు వైపులా పొంగి, నడుస్తుంటే ఊగుతోంది. "ఇది సూడిది. పొద్దుగాల, మాపటికి జర తిప్పకపోతే ఈనుడు కష్టమైతది. నా మోకాళ్లు చూస్తివి కదా. పోరగాళ్లకిస్తే ఉరికిస్తరు, కడుపుల పిల్లలు పోతయ్. నువ్వు సమజ్‌దార్ పిల్లవని నీ కాడికొచ్చిన," అంది. నన్ను సమజ్‌దార్, అంటే బుద్ధిమంతురాలు, అన్న మొదటి మనిషి ఆమె. అది చాలదని, ఈనిన తర్వాత ఒక పిల్ల నాదేనని కూడా అంది. మా అవ్వ ఆ మాట విననట్టు తల తిప్పుకుని కూరగాయలు తరుగుతోంది. ఆ తరగడం కాస్త ఎక్కువ జోరుగా ఉందని నాకు అప్పుడు తోచలేదు.

అలా మొదలైంది నా చలికాలం. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొద్దులు నిజంగా జరిగాయా, కల కన్నానా అనిపిస్తుంది. బొగ్గు పొయ్యిల పొగ, మంచు కలిసిపోయి క్వార్టర్లన్నీ నీళ్లలో మునిగినట్టు కనిపించేవి. వరస దాటగానే గోదావరి వైపు పోయే మట్టి బాట. దూరంగా గనుల నుంచి తవ్విపోసిన మట్టి గుట్టలు, నిద్రలో ఒత్తిగిల్లిన పెద్ద జంతువుల్లాగా. షిఫ్టు సైరను మోగితే ఆ చప్పుడు కూడా మంచులోంచి ఈదుకుంటూ, మెత్తబడి వచ్చేది. ఆ మెత్తదనంలో నేను, మేక, మా ఇద్దరి ఊపిరి. నా నోట్లోంచి ఆవిరి, దాని నోట్లోంచి ఆవిరి, రెండూ కలిసిపోయేవి. ఒకసారి ఆ గుట్టల వెనక నుంచి సూర్యుడు ఎర్రగా, మెల్లగా పైకి వస్తుంటే, జీవితం గురించి నాకొక గొప్ప ఆలోచన రాబోయింది. సరిగ్గా అప్పుడే మేక నా గౌను అంచు నమిలింది. ఆ ఆలోచన ఏమిటో మళ్లీ ఎప్పుడూ రాలేదు.

చాచీ నియమాలు చాలా ఉండేవి. తారు రోడ్డు మీద నడిపించొద్దు, మేక గిట్టలు అదురుతాయి. బాట పక్కన గడ్డి మీదనో, ఇసుక మీదనో నడిపించాలి. అది ఆగితే ఆగాలి. దానికి సుబాబుల్ ఆకు ఇష్టం, కానీ కొమ్మలు ఎత్తులో ఉంటాయి. మునివేళ్ల మీద లేచి కొమ్మ వంచాలి, వంచినాక ధబేల్‌మని దిగొద్దు, మడమలు మెల్లగా నేలకు తేవాలి. "జల్దిగ ఇడిశిపెడితే కొమ్మ కొట్టి మేక బెదురుతది," అనేది. ఆ మేకకు ఆకలి ఎక్కువ కాబట్టి నేను రోజంతా మునివేళ్ల మీద లేస్తూ, దిగుతూ ఉండేదాన్ని. తిరిగి వచ్చాక, కొట్టం బురదతో ఇంట్లోకి రావద్దని చెప్పి, చన్నీళ్ల తొట్టిలో మోకాళ్లదాకా కాళ్లు పెట్టి నిలబెట్టేది. చలికాలంలో ఆ నీళ్లు! పళ్లు టకటకమని కొట్టుకునేవి. ఆమె మాత్రం పక్కనే కూర్చుని తాపీగా చాయ్ తాగేది.

రోజూ ఆమె అడిగే మొదటి ప్రశ్న మేక గురించే. "ఇయ్యాల కుంటిందా?" లేదంటే, "అయితే రేపు జర దూరం తీస్కపో," అనేది. ఒకనాడు నేను ఉత్సాహపడి రైల్వే గేటు దాకా పోయి వచ్చాను. మర్నాడు పొద్దున నా కాళ్లు మళ్లీ సలిపాయి. ఆ సంగతి చెప్పకుండా, మేక కాస్త అలసినట్టుందని మాత్రం అన్నాను. చాచీ నన్ను, మేకను మార్చి మార్చి చూసి, "అలసినది ఏదైనా గని, ఇయ్యాల సగమే పోవాలె," అంది. నేను ఆమెది గొప్ప పశువైద్యం అనుకున్నాను.

నొప్పి ఎప్పుడు వెళ్లిపోయిందో నాకు తెలియదు. వచ్చినప్పుడు ఎంత మర్యాదగా వచ్చిందో అంతే మర్యాదగా, చెప్పకుండా పోయింది. ఒకరోజు మెట్లు దిగి, కింద నిలబడి, గోడ పట్టుకోలేదే అని వెనక్కి చూశాను. సరిగ్గా ఆ వారమే చాచీ నియమాలు మారాయి. "నెలలు నిండినయ్. ఇగ జర ఉరికిస్తే సులువుగ ఈనుతది. గా చెట్టు దాక ఉరుకున్రి, మల్లా ఇంకో చెట్టు దాక నడువున్రి." మేకకు పరుగు ఇష్టం లేదు. నాకు అంతకన్నా ఇష్టమైన పని లేదు. ఒకరినొకరం ఈడ్చుకుంటూ మొదలుపెట్టాం. బాపు తన డ్యూటీ బూట్లను అటక మీదికి ఎక్కించి, నా కాలి కొలతకు మెత్తటి కాన్వాస్ బూట్లు కొనుక్కొచ్చాడు. సిద్ధాంతం గురించి ఇద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.

ఈలోగా పుట్టబోయే పిల్ల కోసం నేను ఏర్పాట్లు చేస్తున్నాను. కొండగట్టుకు పోయినప్పుడు బాపుతో కొట్లాడి ఒక చిన్న గంట కొనిపించాను. అవ్వ పాత చీర అంచు చింపి దానికి పట్టీ కుట్టాను. మేక మాత్రం ఈనదు. వరసలో ఆడవాళ్లు రోజూ వచ్చి చూసిపోతున్నారు. చివరికి మెట్‌పల్లి నుంచి మా మేనమామ వచ్చాడు. ఆయనకు గొర్రెలు, మేకల బేరం అలవాటే. పెరట్లోకి పోయి, మేక పొట్ట కింద చెయ్యి పెట్టి చూసి, పెద్దగా నవ్వాడు.

"ఎవరన్నరే ఇది సూడిదని? ఇది ఉత్తగ తిని బలిసింది!"

ఆ నవ్వు నాకు ఇంకా వినిపిస్తుంది. గంట చేతిలో పట్టుకుని తిన్నగా చాచీ దగ్గరికి పోయాను. ఎంపికలు దగ్గర పడ్డాయి. నేను నా చలికాలం మొత్తం ఒక లావు మేకకు దానం చేశానని అప్పుడర్థమైంది. అబద్ధం చెప్పావని అరిచాను. హాస్టల్ పోతే నీదే పాపమని కూడా అన్నాను. ఇంకా ఏవో పెద్ద పెద్ద మాటలు అన్నాను, వాటిలో సగానికి నాకే అర్థం తెలియదు. చాచీ రొట్టె కాలుస్తోంది. కాల్చడం ఆపలేదు.

"అయిపోయిందా? పానీ పీ," అని నీళ్ల గ్లాసు జరిపింది. "డాక్టరమ్మ ఉరకొద్దంటే నువ్వు ఇన్నవా? మీ అవ్వ చెప్తే ఇన్నవా? ఇనలే. గదే మేకకు ఉరుకుడు వద్దంటే ఎంత మంచిగ ఇన్నవ్! ముల్లు గుచ్చుకుంటదని ముందు నువ్వు నడిశి చూస్తివి. అలిశిందంటే చెట్టు కింద కూసోబెడితివి. దానికి చూపిన ప్యార్‌ల జరంత నీ కాళ్లకు చూపితే నాకు గీ ఝూట్ చెప్పే పని ఎందుకు, చెప్పు?"

మా అవ్వే ఆమెను బతిమాలిందని, డాక్టరమ్మ చెప్పినవన్నీ అవ్వ నోటి నుంచి విని, వాటిని మేక నియమాలుగా చాచీ మార్చిందని తర్వాత తెలిసింది. వరసంతటికీ తెలుసు. తెలియనిది నాకు, మేకకు. రొట్టె మాత్రం తిన్నాను. అలిగినవాళ్లకు ఆకలి ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఎంపికల రోజున మంచిర్యాల గ్రౌండు నిండా పిల్లలే. పొద్దున ఒక పరుగు, అందులో ముందున్నవాళ్లకు మధ్యాహ్నం ఇంకోటి. రెండోదాంట్లో నెగ్గితేనే హాస్టల్. పొద్దుటి పరుగు నాకు ఇప్పటికీ కలలాగే గుర్తుంది. ఈల వినబడింది, ఆ తర్వాత చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. నేల మెత్తగా కిందికి జరిగిపోతోంది. ఎవరో ఇద్దరు నాకు ముందున్నారు, మిగతా అందరూ వెనకెక్కడో ఉన్నారు. మధ్యాహ్నం పరుగుకు నా పేరు పిలిచారు. బాపు చుట్టూ ఉన్నవాళ్లందరికీ, అడగకపోయినా, నేను తన బిడ్డనని చెప్పుకున్నాడు.

ఎండ నెత్తికి వచ్చేసరికి ఎడమ కాలిలో ఏదో పలికింది. వేపచెట్టు నీడలో కూర్చుని బొటనవేలితో ఎముక వెంట నొక్కుతూ పోయాను. పొడుగునా ఏమీ లేదు. ఒక్కచోట, రూపాయి బిళ్ల అంత చోట, వేలు పెట్టగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

డ్రిల్లు సారు వచ్చి, "ఒక్క ఉరుకుడే కదమ్మా, జర ఓర్చుకో, జిందగీ మారిపోతది," అన్నాడు. ఆయన మంచివాడు, నా మంచి కోరే అన్నాడు. బాపు మాత్రం నా ముందు గొంతుక్కూర్చుని, నా కాలిని తన ఒళ్లోకి తీసుకుని, నేను వేలు పెట్టిన చోటే తన వేలు పెట్టాడు. నా మొహం చూసి తీసేశాడు.

"లోపల మేం పనిజేస్తుంటే, పైకప్పు చప్పుడు మారుతది," అన్నాడు. "మారిందంటే సామాన్లు ఆడనే ఇడిశి బయటికొస్తం. ఎంత బొగ్గు మిగిలినా సరే. ఎవ్వరు నామోషీ పడరు. నీ కాలు నీకే ఇనవడతది బిడ్డా, నాకు ఇనవడది. నువ్వే చెప్పాలె."

కథల్లో అయితే ఇక్కడ నేను పళ్లు బిగించి, కుంటుతూ, అందరినీ దాటుకుని పోవాలి. చూసేవాళ్లు కన్నీళ్లు పెట్టుకోవాలి. నేను కూర్చున్నచోటే బూట్ల లేసులు విప్పాను. నా పేరు పిలిచారు, మళ్లీ పిలిచారు. తర్వాత ఇంకెవరి పేరో పిలిచారు. అంతే జరిగింది. ఈల మోగినప్పుడు నేను అటు చూడలేదు, వేపకొమ్మల సందుల్లోంచి ఆకాశం చూస్తూ పడుకున్నాను. చాలా నీలంగా ఉంది. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. బాపు తువ్వాల ఇచ్చాడు. దానికి కొబ్బరినూనె వాసన.

మర్నాడు డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి చూసి, చీలిక లేదు, మంచి సమయానికి ఆగావు అంది. పరిగెత్తి ఉంటే ఏమయ్యేదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. పరిగెత్తి నెగ్గేదాన్నేమో కూడా. జరగని దెబ్బకు ఎవరూ చప్పట్లు కొట్టరు, పతకం ఇవ్వరు, కనీసం పరామర్శకు కూడా రారు. క్రీడా హాస్టల్ గేటు నేను ఎప్పటికీ దాటలేదు. ఆ ఏడాదితో నా వయసు దాటిపోయింది.

ఇప్పుడు రోజూ పొద్దున గ్రౌండుకు పోతాను. ఇరవై ఏళ్ల పిల్లలు, రేపటి ఉద్యోగం కోసం ఇవాళ్టి మోకాళ్లను తాకట్టు పెడుతూ కనిపిస్తారు. ఎవరో ఒకరు కాలు పట్టుకుని గట్టు మీద కూలబడి, వచ్చే వారమే పరుగు పెట్టారు పెద్దమ్మా అని ఏడుస్తారు. ఈ కథ వాళ్లకు చెప్పను. చివర్లో గెలుపు లేని కథ వినే ఓపిక ఆ సమయంలో ఎవరికి ఉంటుంది? మెల్లగా లేపి, పక్కన ఒక రౌండు నడుస్తాను. ఆ రౌండులో వాళ్లు నన్ను, దేవుణ్ని, బూట్ల కంపెనీని తిడతారు. రౌండు పూర్తయ్యేసరికి, ఎక్కడ నొస్తుందో నిజం చెబుతారు. ఆ తర్వాత పరిగెత్తాలా, ఆగాలా అన్నది వాళ్ల ఇష్టం.

వేపచెట్టు కింద నేను ఓడిపోయిన మధ్యాహ్నం నాకిప్పుడు అంతగా గుర్తు రాదు. మళ్లీ మళ్లీ గుర్తొచ్చేది కొన్ని వారాల తర్వాతి ఒక పొద్దు. ఎంపికలు లేవు, పోటీ లేదు, నన్ను చూసేవాళ్లు ఎవరూ లేరు. మంచం మీంచి రెండు పాదాలూ గచ్చు మీద పెట్టాను. గచ్చు చల్లగా ఉంది, అంతకు మించి ఏమీ లేదు. తలుపు తీసుకుని బయటికి పోయి, మెల్లగా, ఎవరినీ దాటాల్సిన పని లేకుండా, పరిగెత్తడం మొదలుపెట్టాను.